దాగుడుమూతల్లో బోదపురుగుదే రికార్డు

వేలికి ముల్లు దిగితే చాలు, గంట తిరక్కుండా తెల్లకణాలు అక్కడ మూగి వాపు తెప్పిస్తాయి. అలాంటి ఒంట్లోనే పది సెంటీమీటర్ల దాకా పెరిగే పురుగు ఆరేడేళ్లు బతికేస్తుంది. చాలామందికి ఆ సంగతి ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు మురుగుకాలవలున్న ఊళ్లకి పాత చుట్టమే, బోదకాలు పురుగు. అది కాపురానికి ఎంచుకునే చోటు మరీ విడ్డూరం: లింఫు నాళాలు. వ్యాధినిరోధక కణాలు రోజూ తిరిగే దారులవే. పోలీస్ స్టేషన్ అరుగు మీద దొంగ మకాం పెట్టినట్టు!

ఎలా తప్పించుకుంటుంది? ఒంట్లో రెగ్యులేటరీ టి కణాలని ఒక రకం ఉన్నాయి. తోటి కణాల దాడి హద్దు మీరకుండా చూడడం వాటి పని. వాటి గుట్టు విప్పినందుకే జపాన్ శాస్త్రవేత్త సకాగుచికీ, మరో ఇద్దరు అమెరికన్లకీ 2025 వైద్య నోబెల్ దక్కింది. నోబెల్ సంగతి తెలియకపోయినా, పురుగుకి ఈ కణాల సంగతి ఎప్పుడో తెలుసు. వాటిని తన వైపు తిప్పుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-10 అనే అణువు పెరుగుతుంది, దాడి చల్లబడుతుంది. ఇక దాని పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో నక్కి, రాత్రి పది నుంచి రెండు మధ్య, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట ఇళ్లకొచ్చి వేలికి సూది గుచ్చేది అందుకే. పగటి రక్తపు చుక్కలో వాటి జాడ దొరకడం కష్టం.

దీనికి మందు తెచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948). అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలు ఆయన చేతి మీదుగా నడుస్తున్నప్పుడు, 1947లో, హెట్రజాన్ వెలుగు చూసింది. డైఇథైల్ కార్బమజీన్ అన్నా అదే. పుట్టిన జిల్లాని పీడించిన జబ్బుకి సముద్రాల అవతల మందు దొరకడం ఒక వింతైతే, ఆ మందు పనిచేసే తీరు ఇంకో వింత. గాజు గొట్టంలో పిల్లపురుగుల మీద పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. మందు వాటి ముసుగు తీస్తుంది, మట్టుబెట్టేది మన తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ. మాత్రలు మింగాక కొందరికి జ్వరం, దురద వస్తాయి. ‘మాత్ర పడలేదు’ అని మర్నాటి నుంచి ఆరోగ్య కార్యకర్త కనబడితే మొహం చాటేసేవాళ్లున్నారు. చాలాసార్లు అది పురుగులు చస్తున్న లక్షణం. పురుగు లేనివాళ్లలో ఆ హడావుడి బాగా తక్కువ.

ఇదే పురుగు మీద అతిగా విరుచుకుపడే ఒళ్లూ ఉన్నాయి. ఆయాసం, రాత్రిళ్లు ఆగని దగ్గు. ఉబ్బసమనుకుని పరీక్ష చేయిస్తే, మైక్రోలీటరుకి ఐదొందలు దాటకూడని ఈసినోఫిల్ కణాలు మూడు వేలు దాటి ఉంటాయి. రక్తంలో పిల్లపురుగు ఒక్కటీ దొరకదు, వాటినన్నిటినీ ఊపిరితిత్తుల్లోనే పట్టేస్తుంది ఒళ్లు. పురుగు చేసే చెరుపు కన్నా ఒంటి కోపం చేసే చెరుపే ఇక్కడ ఎక్కువ. దీనికీ హెట్రజానే, సాధారణంగా మూడు వారాలు.

సుబ్బారావు ఖాతాలో దీనికి సరిగ్గా ఎదురు మందు కూడా ఉంది. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ని తొలిసారి కొన్నాళ్లపాటు లొంగదీశాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. సొంత కీళ్ల మీదే పడే నిరోధక కణాల్ని చల్లబరచడానికి రుమటాయిడ్ రోగులు వారానికొకసారి వేసుకునేది అదే. ఉసిగొల్పే మందూ, జోకొట్టే మందూ ఒకే బృందం చేతి నుంచి రావడం అరుదు.

ఇక చిన్నాచితకా రికార్డులు. మన ఎముకమజ్జ రోజుకి దాదాపు పది వేల కోట్ల న్యూట్రోఫిల్ కణాలు తయారుచేస్తుంది, వాటి ఆయుష్షు మాత్రం బహు తక్కువ. యాంటీబాడీల్లో భారీకాయం ఐజిఎం, పట్టుకునే కొసలు పది. రక్తంలో అన్నిటికన్నా తక్కువుండేది ఐజిఇ, అలర్జీల గోలంతా దానిదే. జ్ఞాపకశక్తికొస్తే ఫారో దీవుల సంగతి చెప్పాలి. 1846లో అక్కడ తట్టు ఊళ్లను ఊపేసింది. 1781లో తట్టు పోసి బతికిన ముసలివాళ్లకి మళ్లీ రాలేదు, అరవై అయిదేళ్ల తరవాత కూడా!

కోళ్లఫారాల వాళ్లకి ఒక మాట. యాంటీబాడీలు ఎక్కడ పుడతాయో తొలి ఆచూకీ ఇచ్చింది కోడే. దాని తోక కింద, రెట్ట దారి పక్కన ఒక చిన్న గ్రంథి ఉంటుంది. చిన్నప్పుడే దాన్ని కోసేసిన కోళ్లకి యాంటీబాడీలు సరిగా రావడం లేదని అమెరికాలో గ్లిక్ 1956లో అచ్చు వేశాడు. మనుషుల్లో ఆ పని మజ్జది. గంబోరో వైరస్ పడేది ఆ గ్రంథి మీదే. అది పాడైన కోడికి ఆ తరవాత కొక్కెర తెగులు టీకా వేసినా సరిగా పట్టదు.

కొల్లేటి చుట్టూ చెరువుల్లో ఇంకో తేడా. శీలావతికి, బొచ్చెకి యాంటీబాడీలున్నాయి. పక్క చెరువులో రొయ్యకి అసలు లేవు. అందుకే వైట్ స్పాట్ వస్తే కోడికి వేసినట్టు టీకా వేసే దారి లేదు. పరీక్ష చేయించిన పిల్లను కొనడం, గట్టు చుట్టూ పీతలు దూరకుండా వల కట్టడం, రైతు చేతిలో ఉన్నవి అలాంటివే.