గడియారముతో పోరాటము

కావలసి ప్రత్యర్థికి పాయింట్లు ఇచ్చుట యుక్తమగునా? అమెరికా ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు అగును. అందు ఆట 60 నిమిషములు. బంతితో పరుగెత్తువాడు మైదానములోనే పడినచో గడియారము ఆగదు. విసరిన బంతి నేలపాలైనచో ఆగును.

2012 ఫిబ్రవరి 5న ఇండియానాపొలిస్ నగరమున జరిగిన సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ జట్టు 17–15తో ముందుండెను. జెయింట్స్ జట్టు గోలుగీతకు 6 గజముల దూరమున నుండెను. వారు కాలము గడిపి, తుదకు బంతిని స్తంభముల నడుమ తన్నినచో 3 పాయింట్లతో గెలువగలరు. గడియారము నాపుటకు పేట్రియట్స్‌కు విరామము ఒక్కటియే మిగిలినది. కనుక వారు దారి విడిచిరి. బ్రాడ్‌షా ఆగజూచియు ఆగలేక గీత దాటెను. 6 పాయింట్లు పోయినవి. 57 సెకండ్లు దక్కినవి. అవి చాలక పేట్రియట్స్ 21–17తో ఓడిరి. అయినను, అడ్డుకొనియుండినచో ఆ సెకండ్లును దక్కెడివి కావు.