చెరువుకట్టపై సర్కారు తుమ్మ

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) పేరు నిలుపుకొన్న ఇబ్రహీంపట్నమును, ఆయన కాలముననే నిర్మింపబడిన పెద్దచెరువును గలవు. నిండినపుడు సుమారు 1300 ఎకరముల మేర పరచుకొను ఈ జలాశయమునకు, శాబాదు ప్రాంతపు చందన్‌వెల్లి వైపునుండి ఫిరంగి నాలా ద్వారా నీరు చేర్చుట పూర్వులు చేసిన ఏర్పాటు. ఇంతటి నీటిని నిలుపు భారమంతయు మట్టికట్టది, దాని లోపలి వాలున పేర్చిన రాతిది. అట్టి కట్టమీద ముండ్లపొద మొలచినపుడు ‘కంపయే గదా’ యని చూచిచూడనట్లు పోవుట ఎంత తప్పో, పొద పెరిగి చెట్టైన పిదప దానిని ట్రాక్టరుతో ఒక్క పెట్టున పెకలింతుమని వాలుమీదికి ఎక్కుట అంతకు మించిన తప్పు.

ఈ ప్రాంతమున ఏ కుంటకట్టను చూచినను ముందుగా కంటబడునది సర్కారు తుమ్మ. అమెరికా ఖండముల ఉష్ణప్రదేశములలో పుట్టిన ఈ వృక్షపు విత్తనములను, వంటచెరకు కరవైన మెట్టసీమల కుపయోగపడునను సదుద్దేశముతో, మద్రాసు రాజధాని అటవీశాఖవారు జమైకా ద్వీపమునుండి తెప్పించి, 1877 ప్రాంతమున కడప జిల్లా కమలాపురమున నాటించిరి. ఉద్దేశము నెరవేరలేదనుట న్యాయము గాదు. ఎందరో పేదల పొయ్యిలు దీనివలననే వెలిగినవి, బొగ్గుబట్టీలు దీనివలననే నడచుచున్నవి. కాని తియ్యని దీని కాయలను మేకలును పశువులును తిని, అరగని గింజలను పేడతో పెంటికలతో పోయిన చోటనెల్ల విడిచినందున, మనుష్యుడు నాటిన చోట నిలువక, మనుష్యుడు కాదన్న చోటికెల్ల అది వ్యాపించెను. నీరింకిన శిఖమును, అనగా చెరువుగర్భమును, మనుష్యసంచారము తగ్గిన కట్టయు దానికి అత్యంత ప్రియమైన తావులు.

దీని బలమంతయు నేల క్రిందనే యున్నది. ఈ జాతికే చెందిన యొక వృక్షపు వేరు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున గని త్రవ్వుచుండగా 53 మీటర్ల లోతున బయల్పడినదన్నచో, తల్లివేరు నీటికై ఎంతదూరము దిగగలదో ఊహించుకొనవచ్చును. ఆ తల్లివేరును తుదివరకు త్రవ్వి తీయుట ఎవరి తరమును గాదు. అదృష్టవశమున అంత అవసరమును లేదు. కాండమును వేరును కలియు మెడభాగముననే నిద్రించు మొగ్గలు దాగియుండును. నేలకు పైన గొడ్డలి వేసినంతకాలము ఆ మొగ్గలు మేల్కొని, ఒక కొమ్మకు బదులు పది పిలకలు వేయును గనుక, ఏటేట నరకించు కట్టపై పొద ఏటేట చిక్కబడుచుండును. నేలలోపల ఒక అడుగు లోతువరకు ఆ మెడభాగము సమూలముగా బయటికి వచ్చినపుడే తొలగించుట అనుమాట సార్థకమగును.

కట్టమీద చెట్టున్న నీడయే గదా, వేళ్లు మట్టిని పట్టి యుంచును గదా, అని వాదించువారు గలరు. గుట్టవాలున ఆ మాట నిజము. నీటిని నిలుపు కట్టయందు మాత్రము లావైన వేరు శత్రువు. బ్రతికియున్నంతకాలము అది రాతికట్టు సందులలో దూరి రాళ్లను కదల్చును. చచ్చి కుళ్లిన పిదప కట్టగర్భమున గొట్టము వంటి ఖాళీని విడుచును. ఆ ఖాళీవెంబడి నీరు చేరి, రేణువు రేణువుగా మట్టిని మోసుకొనిపోయి, ఆవలివైపున బుగ్గవలె పైకి వచ్చువరకు ఎవరికిని తెలియదు. పైగా దట్టమైన కంపలో పందికొక్కులు బొరియలు త్రవ్వుకొనును, చీలికలును ఊటలును చెరువును కనిపెట్టుకొనియుండు నీరటి కంట బడవు. అందుచేతనే 2015 మార్చి 12న నాటి నిజామాబాదు జిల్లా సదాశివనగరున ఆరంభమైన చెరువుల పునరుద్ధరణ పథకమగు మిషన్ కాకతీయలో, గుర్తింపబడిన 46,531 చెరువులకు, పూడిక తీయుట, తూములు మత్తళ్లు బాగుచేయుట మొదలగువానితోబాటు కట్టలపై కంప తొలగించుటయు పనిగా చేర్చబడెను. పూడికమట్టిని చెలకలకు తోలుకొన్న రైతుల ట్రాక్టర్లు ఆ వేసవులలో చెరువులలోనే కాపురముండెననవచ్చును. అవే కట్టపనికిని దొరకుట సహజము.

ఇక్కడనే అపాయ మారంభమగును. చెరువుకట్టల వాలు సాధారణముగా రెండడుగుల అడ్డమునకు ఒక అడుగు ఎత్తుగనో, ఒకటిన్నర అడుగునకు ఒక అడుగు ఎత్తుగనో ఉండును. లెక్కించి చూచినచో మొదటిది సుమారు 27 డిగ్రీలు, రెండవది సుమారు 34 డిగ్రీలు. జాగరూకుడైన డ్రైవరు 15 డిగ్రీలు దాటిన నేలపై ట్రాక్టరును అడ్డముగా నడుపడు. నలుబదియైదు యాబది అశ్వశక్తుల ట్రాక్టరు సుమారు రెండు టన్నుల బరువుండి, ఆ బరువు కేంద్రీకృతమగు గరిమనాభి నేలకు ఎత్తుగా నుండుటచే, పై చక్రము ఒక రాయి ఎక్కినను, క్రింది చక్రము ఒక బొరియలో దిగినను, ఆ నాభినుండి సూటిగా దిగు రేఖ చక్రముల ఆధారమును దాటిపోవును. అంతట దానిని నిలుపు శక్తి స్టీరింగునకు లేదు, బ్రేకునకును లేదు. వెనుక టైర్లలో నీరు నింపించుట, చక్రముల మధ్య ఎడమును పెంచుట కొంత మేలు చేయును గాని, కట్టవాలును ట్రాక్టరునకు యోగ్యమైన దారిగా అవి చేయలేవు. కనుక వాలుమీదికి పోవలసినది గొలుసు. ట్రాక్టరు చదునుననే నిలువవలెను.

పని తెలిసినవారు చేయు తీరు ఇట్టిది. తొలకరి వానలకు నేల కొంచెము మెత్తబడి, బురద కాకమునుపే దిగుదురు. మొదట కొమ్మలను నరికి, మొద్దును నడుమెత్తున నిలిపియుంచెదరు; ఆ నిలిచిన కాండమే మీటగా పనిచేయును. గడ్డపారతో మొదలు చుట్టును మూరెడు లోతు త్రవ్వి, బొటనవ్రేలికి మించిన పక్కవేళ్లను తెంపెదరు. పిమ్మట గొలుసును మొద్దు పైభాగమున బిగించి, రెండవ కొనను ట్రాక్టరు వెనుక, ఇరుసుకంటె క్రిందుగానున్న డ్రాబారునకు తగిలింతురు. ట్రాక్టరు కట్ట దిగువన చదునుపైననో, నీరింకిన శిఖములోననో నిలుచును. మొద్దు దొర్లివచ్చినను తగులనంత పొడవు గొలుసునకు ఉండవలెను. మొదటి గేరులో మెల్లగా కదలగా గొలుసు బిగియును, పైమట్టి నెర్రెలు విచ్చును, లోపల వేళ్లు ఒక్కటొక్కటిగా తెగు చప్పుడు వినవచ్చును. ఆ చప్పుడును బట్టియే డ్రైవరు ఆగుటయో సాగుటయో నిశ్చయించును. వెనుక చక్రము ఒకచోటనే తిరిగి గుంత చేసుకొన మొదలిడినచో క్లచ్చి త్రొక్కి ఆగి, మరల గడ్డపార పట్టవలెను. కుదుపు ఇచ్చి లాగుట తగదు; తెగిన గొలుసు వెనుకకు విసరుకొని వచ్చిన వేగమునకు ఎదుట నున్నవాని ప్రాణము దక్కదు. “గొలుసు దిక్కు రాకుండ్రి, దూరం జరుగుండ్రి” అని డ్రైవరన్న అరచునపుడు అది విసుగని తలంపరాదు. దిగువన తావులేని చోట కట్టపైననే ట్రాక్టరును కట్ట వెంబడి నడుపుచు, గట్టి ఊతమునకు కట్టిన కప్పీగుండా గొలుసు దిశను మార్చి లాగుదురు.

గొలుసును డ్రాబారునకు గాక, ఎత్తున నున్న పై లింకునకు తగిలించు నలవాటు కొన్నిచోట్ల కలదు. దానిని ఎంత గట్టిగా ఖండించినను చాలదు. మొద్దు కదలక మొండికేసినపుడు వెనుక చక్రములు నేలను పట్టుకొని నిలువగా, ఇంజను బలము ట్రాక్టరు ముందుభాగమును పైకి లేపి, ఇరుసు చుట్టును త్రిప్పి, రెండు సెకండ్లలోపలనే డ్రైవరుమీద బోర్లవేయును. దూకుదమను ఆలోచన పుట్టుటకైన వ్యవధి ఉండదు. స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లన్నిటికి డ్రైవరును కాచు ఉక్కుచట్రమును నిర్బంధము చేయగా, అక్కడ బోల్తాపడి చనిపోవువారి సంఖ్య క్రమముగా అత్యల్పమునకు దిగినది. మన పల్లెలలో అట్టి చట్రము లేని ట్రాక్టరే నేటికిని తరచుగా కనబడుట నా మనస్సునకు మిక్కిలి బాధ కలిగించు విషయము. చట్రమున్నచో సీటుబెల్టు తప్పక పెట్టుకొనవలెను, లేనిచో చట్రమున్నను ప్రయోజనము సగమే. దిగుడున డీజిలు కలిసివచ్చునని న్యూట్రలులో వదలుటయు, రెండు బ్రేకు పెడళ్లను జతపరుపక నడుపుటయు ఇట్టి సాహసములే.

ఇబ్రహీంపట్నమునకు తూర్పున రాచకొండవైపు సాగు గుట్టలవిషయము వేరు. అక్కడి వాలులపై తంగేడు, పరికి, కలివె, సీతాఫలము మొదలగు పొదలు పలుచని మట్టిని బండరాతిపై నిలుపుచున్నవి. వానిని కంపగా నెంచి బ్లేడు పెట్టి గీకించినవాడు ఒక్క వర్షాకాలములో మట్టిని పోగొట్టుకొని బండను మిగుల్చుకొనును. అక్కడ తీయదగినది సర్కారు తుమ్మయు, తలంబ్రాల పొదయు మాత్రమే. అదియు చేతిపనిముట్లతో, పట్టీలు పట్టీలుగా, ఒక పట్టీలో గడ్డి పట్టుకొన్న పిదపనే మరియొకటి.

మరల కట్టకు వత్తము. మొద్దు వెడలిన గుంతను అట్లే విడిచిన కాంట్రాక్టరు, పొదను తీసి దానికంటె పెద్ద హానిని అక్కడ నాటినవాడగును. గుంతలో మిగిలిన వేళ్లను ఏరివేసి, అంచులను మెట్లుగా చెక్కి, కట్టలోని మట్టి జాతికే చెందిన బంకమట్టిని కొలదిగా తడిపి, జానెడు దళసరి పొరలుగా పోయుచు, ఒక్కొక్క పొరను దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను. లోపలివైపున ఊడిన రాళ్లను వెంటనే పేర్పింపవలెను. చెట్టు మిక్కిలి పెద్దదై, చెరువు నిండుగా నున్నపుడు దానిని కదల్పరాదు. నీరు తగ్గువరకు వేచి, ఇంజనీరు చూచిన పిదపనే పని పెట్టుకొనవలెను. వెలుపలి వాలున గరికయో వట్టివేరో నాటినచో మట్టికి పట్టు కలుగును. వట్టివేరు వేళ్లు సన్నగా, సూటిగా మూడు మీటర్ల వరకు దిగును గాని లావెక్కి కట్టను చీల్చవు.

నేలలో పడియున్న గింజలు ఏండ్లతరబడి మొలచుచునే యుండును గనుక, వానలు వెలసిన పిమ్మట కట్ట వెంబడి నడచి, జానెడు మొక్కగా నున్నపుడే పీకించు మనిషి ప్రతి చెరువునకు కావలెను. తడినేలలో లేతమొక్క వేరుతోసహా చేతికి వచ్చును. ఒకప్పుడు నీరటి ఈ పని చేసెడివాడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము సంప్రదాయ జలాశయముల పునరుద్ధరణను తన పనులలో పేర్కొనినది గనుక, కూలీల చేతనైనను దీనిని ఏటేట చేయించుటకు దారి యేర్పడినది. ఆ పని ఊరి పంచాయతి పట్టికలో ఆశ్వయుజ మాసమునాటికే చేరవలెను. ముండ్లు ముదిరినపుడు వ్రాసికొన్న పనికి మరల గొలుసే కావలసివచ్చును.