పెరట్లో బాయిలరు, పక్కింట్లో పొగ

శంషాబాదు వైపు పాత ఇళ్ళ పెరళ్ళలో కట్టెల బాయిలరు మీరు చూసే ఉంటారు. మధ్యన మంట, చుట్టూ నీళ్ళు. "మా పెరట్లో నీళ్ళు కాచుకుంటే సర్కారుకేం?" అంటారు పెద్దవాళ్ళు.

అమెరికాలోనూ ఇదే మాట! అక్కడి పల్లెల్లో ఆరుబయట పెద్ద కట్టెల బాయిలరు పెట్టి, వేడినీళ్ళను గొట్టాల్లో పంపి ఇల్లంతా వెచ్చబరుస్తారు. 2015లో అక్కడి పర్యావరణ సంస్థ వీటి పొగకు హద్దు పెడితే, "మా పొయ్యి జోలికొస్తారా?" అని చాలామంది మండిపడ్డారు. నిజానికి ఆ నిబంధన కొత్తగా తయారయ్యే వాటికే. అప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి కాదు.

మనమూ గాభరాపడనక్కర్లేదు. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆరుబయట తగలబెట్టవద్దన్నది చెత్తను. జరిమానా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000. నీళ్ళపొయ్యి మాట కాదది.

అలాగని పొగ మంచిదా? చుట్టూ ఉన్న నీళ్ళు మంటను చల్లారుస్తాయి. కట్టె పూర్తిగా కాలక సన్నని నుసి, కార్బన్ మోనాక్సైడు వస్తాయి. చలికాలం తెల్లవారుజామున నేలనంటిన చల్లగాలి పొగను పైకి పోనివ్వదు. 2008లో విమానాశ్రయం వచ్చాక అక్కడ ఇళ్ళూ పెరిగాయి. మన పొగ పక్కింటి పసిబిడ్డ ఉయ్యాల దాకా పోతుంది.

గ్యాసు కొనలేని ఇంటికి కట్టె మానమనడం న్యాయం కాదు. చౌకైన దారి చూపమని సర్కారును అడుగుదాం. అందాకా బాగా ఎండిన కట్టెలే వాడండి. ప్లాస్టిక్కు, రబ్బరు వేయకండి. పొగగొట్టం ఎత్తు పెంచండి. ఏమంటారు?