మరుగునపడిన తెలుగు నవలలు

తెలుగున నవల వెలసి నూటయేబది సంవత్సరములు దాటినది. నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము 1872లో వెలువడినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో పత్రికాముఖమున ఆరంభమైనది. నాటినుండి వచ్చిన నవలలు వేలకొలదిగ నున్నను, సామాన్య పాఠకుని నోట వినవచ్చు పేర్లు పదిపన్నెండింటికి మించవు. మాలపల్లి, వేయిపడగలు, బారిస్టరు పార్వతీశము, చివరకు మిగిలేది అని లెక్కించి చాలమంది అచటనే ఆగిపోవుదురు. తక్కినవన్నియు గుణహీనములని తలంపరాదు. పాఠ్యగ్రంథములుగ నిర్ణయింపబడకయు, పునర్ముద్రణకు నోచుకొనకయు మరుగుపడిన మంచి నవలలు అనేకము కలవు.

అట్టివానిని వెదకుటకు రచయిత ప్రఖ్యాతికంటె నవలాప్రభేదము మేలైన దారి చూపును. చారిత్రక నవలలయందు ప్రీతిగలవారు 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ప్రచురణములను చూడవలెను. కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము అందొకటి. 1520లో శ్రీకృష్ణదేవరాయలకును బిజాపుర సుల్తానునకును జరిగిన సంగ్రామము దానికి ఆధారము. కర్ణాటకమున స్థిరపడిన తెలుగువారికి ఆ కోట కనులయెదుటి కోటయే.

అపరాధ పరిశోధనమనినంతనే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ స్ఫురించును. ఆయనకు ఎంతయో పూర్వమే దేవరాజు వేంకటకృష్ణారావుగారు వాడే వీడు అను నవలను రచించిరి. ఈ తెగ నవలలు తెలుగున ఎంత తొందరగ వేళ్లూనినవో అది తెలుపును.

మనస్తత్త్వ చిత్రణము కోరువారికి ఉప్పల లక్ష్మణరావుగారి అతడు–ఆమె కలదు. లక్ష్మణరావుగారు 1898లో ఒరిస్సాలోని బరంపురమున జన్మించిరి, వృక్షశాస్త్రవేత్త. స్వాతంత్ర్యోద్యమ కాలమునాటి భార్యాభర్తల దినచర్యల రూపమున ఈ నవల నడచును. ఒకే సంఘటన ఇరువురి చేతిలో ఇరుతెరగుల కనుపట్టుటచే, తీర్పు చెప్పుభారము పాఠకునిపై బడును. ఉత్కళమునందలి తెలుగువారు తమవాడని గర్వింపదగిన రచయిత యీయన.

అనువాదములును వెదకదగినవే. గోపీనాథ మహంతిగారి ఒడియా నవల అమృతర సంతాన 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. కోరాపుట్టు కొండలలోని కంధుల జీవితమును చిత్రించిన ఆ గ్రంథమును పురిపండా అప్పలస్వామిగారు అమృత సంతానమను పేర తెలుగు చేసిరి.

మాండలిక నవలలలో పోరంకి దక్షిణామూర్తిగారి కృషి విశిష్టమైనది. వెలుగు వెన్నెల గోదారి తూర్పుగోదావరి పలుకుబడిలోను, ముత్యాల పందిరి తెలంగాణపు పలుకుబడిలోను, రంగవల్లి రాయలసీమ పలుకుబడిలోను వ్రాయబడినవి. తమ యింటిమాట గ్రంథస్థము కాదగినది కాదని సంకోచించు బళ్లారి, హోసూరు ప్రాంతముల తెలుగువారు రంగవల్లిని చదివినచో ఆ సంకోచము తీరగలదు.

వీనికంటె మిక్కిలి ఆలోచింపజేయు గ్రంథమొకటి తెలుగులిపిలో పుట్టలేదు. కోవిల్పట్టి చెంత ఇడైసెవలులో 1923లో జన్మించి, 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్‌గారి యింటిభాష తెలుగు, రచనాభాష తమిళము. ఆయన గోపల్ల గ్రామము 1976లో వెలువడినది. తమ కన్యను పాలకుడు కోరగా, మానరక్షణకై ఉత్తరమునుండి తరలివచ్చి నల్లరేగడి నేలలో ఊరు నిర్మించుకొన్న తెలుగు కుటుంబముల కథ అది. ముదుసలి మంగత్తాయారు ఆ వలసను చెప్పుచుండగా ఇంటివారు విందురు. దాని తరువాతి భాగమునకు 1991లో అకాడమీ బహుమానము లభించినది. నోట నిలిచిన భాషకు అక్షరము తోడుకానిచో, ఆ జాతి చరిత్రము పొరుగుభాషలో వ్రాయబడును. తమిళము దానిని ఆదరించి కాపాడినందుకు కృతజ్ఞత చూపవలసినదే. కాని తెలుగిండ్లలో నేటి బాలురు తెలుగక్షరములు నేర్వనిచో, పైని చెప్పిన తక్కిన నవలలను తెరచువారుండరు.

వెదకుట కష్టమైన పని కాదు. మొదలి నాగభూషణశర్మగారి తెలుగు నవలా వికాసము, బొడ్డపాటి వేంకట కుటుంబరావుగారి ఆంధ్ర నవలా పరిణామము మరచిపోయిన పేర్లను చూపును. పాతపుస్తకముల చివరిపుటలలోని ప్రకటనలు అదే ప్రచురణకర్త వెలువరించిన ఇతర నవలలను తెలుపును. చెన్నపురి కన్నెమరా గ్రంథాలయము, వేటపాలెపు సారస్వత నికేతనము ప్రాచీన ముద్రణములకు నెలవులు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకము క్రింద ఛాయాప్రతులుగ మారిన తెలుగు గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభించును. రచయిత గతించిన పిదప అరువది సంవత్సరములు దాటిన రచనలను మన దేశమున ఎవరైనను పునర్ముద్రింపవచ్చును.

ప్రతి తెలుగు సంఘమును నెలకొక నవలను ఎన్నుకొని, లిపి రానివారికి బిగ్గరగ చదివి వినిపించు ఏర్పాటు చేయుట మేలు. విన్నవారిలో ఒక్కరైనను తక్కిన కథను తామే చదువుకొనుటకై అక్షరములు నేర్చినచో, ఆ నవల మరుగునుండి వెలికి వచ్చినట్లే.