ఎద్దుల ఆవుల గుండు మీద ఏముందో మీకు తెలుసా?

● కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంట దగ్గరున్న ఒక పెద్ద బండను ఊరివాళ్లు ‘ఎద్దుల ఆవుల గుండు’ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. దాని మీద మూపురం ఎద్దు బొమ్మ ఉంది. చుట్టుపక్కల గుండ్ల మీద కూడా ఎరుపు, తెలుపు రంగుల్లో ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. ఇలాంటి చోట్లను ముందుగా చూసినవాళ్లు చాలాసార్లు పశువుల కాపరులు, వేటగాళ్లు. పరిశోధకులు ఆ తర్వాతే వచ్చారు.

● స్పెయిన్‌లోని అల్టమీరా గుహ సంగతీ అంతే. 1868లో దాని నోరు కనిపెట్టింది ఒక వేటగాడు. 1879లో మార్సెలీనో దె సౌతువోలా అనే స్థానిక భూస్వామి పాత రాతి పనిముట్ల కోసం నేల తవ్వుతుంటే, వెంట వచ్చిన ఎనిమిదేళ్ల కూతురు మరియా తల పైకెత్తి చూసింది. కప్పు నిండా అడవిదున్నలు! ఇవి రాతియుగం నాటివని ఆయన మరుసటి ఏడాది పుస్తకం వేస్తే పెద్ద పెద్ద పండితులు నమ్మలేదు. అంత అందంగా గీయడం ఆదిమానవుడి వల్ల కాదని తీర్మానించారు, దొంగబొమ్మలని నిందవేశారు. 1888లో ఆయన ఆ నింద మోస్తూనే కన్నుమూశాడు. ఫ్రాన్స్‌లో వరుసగా చిత్రాల గుహలు బయటపడ్డాక, 1902లో, ఆ నమ్మని పండితుల్లో ఒకడైన ఎమిల్ కార్తయ్యాక్ తన తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. ఆ ఒప్పుకోలుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ అప్పటికి సౌతువోలా పోయి 14 ఏళ్లయింది.

● అల్టమీరా బొమ్మలు లోకానికి తెలియడానికి పదేళ్లకు పైగా ముందే, 1867-68లో, మన దేశంలోని మీర్జాపూర్ కొండల్లో ఆర్చిబాల్డ్ కార్లైల్ ఇలాంటి చిత్రాలు చూశాడు. అవి పాతకాలపువని పోల్చుకున్నాడు కూడా. ఆయన రాసుకున్న వివరాలు అచ్చులోకి వచ్చేసరికి 1906 అయింది.

● బొమ్మ వయసు తేల్చడం ఎంత కష్టమో తెలుసా? బొగ్గుతో గీసిన నల్ల గీతకైతే కార్బన్ పరీక్ష పనికొస్తుంది. ఆదిమానవుడు ఎక్కువగా వాడింది జేగురు. అది ఇనుము కలిసిన మట్టి, అందులో ఆ పరీక్షకు కావలసిన కార్బన్ లేదు. అందుకే శాస్త్రవేత్తలు బొమ్మ మీద పేరుకున్న పల్చటి సున్నపు పొరను పట్టుకున్నారు. నీటితో వచ్చి ఆ పొరలో చేరిన యురేనియం మెల్లగా థోరియంగా మారుతుంది. రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది, కింద ఉన్న బొమ్మ అంతకన్నా పాతది. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఒక అడవిపంది, దాని చుట్టూ మూడు మనిషి ఆకారాలు ఉన్న చిత్రం కనీసం 51,200 ఏళ్ల నాటిదని 2024లో ఇలాగే తేల్చారు.

● పాతకాలపు మనుషుల ఆనవాళ్లు బొమ్మల్లోనే కాదు, బూడిదలోనూ ఉన్నాయి. దక్కనులో అక్కడక్కడా కనిపించే బూడిద దిబ్బలను జనం రాక్షసుల బూడిద అనుకునేవారు. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వితే, పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు కనబడ్డాయి. అది నాలుగు వేల ఏళ్లకు పూర్వపు పశువుల దొడ్డి! పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా మిగిలిన బూడిదే ఆ దిబ్బ.

● నంద్యాల జిల్లా జ్వాలాపురంలోనూ బూడిదే, కాకపోతే ఇది సుమత్రా నుంచి వచ్చింది. సుమారు 74,000 ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద ఇక్కడి లోయలో పేరుకుంది. ఆ పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి, అవి దాదాపు ఒకే తీరున ఉన్నాయి. అంత పెద్ద ఉపద్రవం తర్వాత కూడా ఇక్కడ మనుషుల బతుకు సాగిందనడానికి ఇది గట్టి ఆధారం.

● బళ్లారి దగ్గర కుప్‌గల్ కొండ మీద పశువుల బొమ్మలు చెక్కిన నల్లరాళ్ల మధ్య, కొడితే గంటలా మోగే రాళ్లున్నాయి. కొట్టికొట్టి వాటి మీద గుంటలు పడ్డాయి. అంటే అక్కడ బొమ్మకు తోడు శబ్దం కూడా ఉండేది. రాతి క్వారీల వల్ల ఆ కొండలో కొంత భాగం ఇప్పటికే పోయింది.

మీ ఊరి గుట్ట మీద ఇలాంటి బొమ్మ కంటబడితే దయచేసి ముట్టుకోకండి. ఫొటోలో బాగా పడుతుందని నీళ్లు చల్లకండి, సుద్దముక్కతో దిద్దకండి. కింద దొరికిన పనిముట్టును జేబులో వేసుకోకండి, అది ఏ పొరలో దొరికిందన్నదాన్ని బట్టే దాని కాలం తెలుస్తుంది. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, పురావస్తు శాఖకు కబురు చేయండి.