మందును తయారుచేసే క్రిమి ఆ మందుకే ఎందుకు చావదు?



స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ అనే ఇంజక్షన్ల పేర్లు మీలో చాలామంది వినే ఉంటారు. ఇవన్నీ అమైనోగ్లైకోసైడ్లు అనే ఒకే కుటుంబపు యాంటీబయాటిక్ మందులు. పుట్టిన కొద్ది రోజులకే రక్తంలో ఇన్ఫెక్షన్ సోకిన పసిబిడ్డలకు జెంటామైసిన్ నేటికీ ముఖ్యమైన మందు. అది పనిచేయకపోతే ఆ బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుకే ఈ సంగతి మీకు వివరించాలనుకున్నాము.

మందు పుట్టింది మట్టిలోనే

1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో, వాక్స్‌మన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నాడు. దానిని తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా. తొలకరి చినుకులకు వచ్చే మట్టివాసనకు ముఖ్య కారణం కూడా ఈ జాతి బాక్టీరియాయే. క్షయ క్రిములపై బాగా పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ ఇదే.

విషము, విరుగుడు ఒకేచోట

ప్రతి బాక్టీరియాలోను మాంసకృత్తులు తయారుచేసే రైబోజోములు ఉంటాయి. ఈ మందులు వాటికి అతుక్కొని ఆ పనిని చెడగొడతాయి. మరి మందును తయారుచేసే బాక్టీరియాకు కూడా రైబోజోములు ఉన్నాయి కదా! అది ఎలా బ్రతుకుతుంది? దానికి ముఖ్యంగా రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, మందును కప్పి ఉంచడం. స్ట్రెప్టోమైసిన్ తయారుచేసే క్రిమి దానికి ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. అలా ఉన్నంతసేపు మందు పనిచేయదు. బయటికి పంపాక ఆ ఫాస్ఫేటు తొలగిపోతుంది. కత్తిని ఒరలో పెట్టి తీసుకెళ్ళి, బయట ఒర తీసినట్లన్నమాట.

రెండవది, రైబోజోమునే కొద్దిగా మార్చుకోవడం. జెంటామైసిన్ తయారుచేసే క్రిమి ఇలా చేస్తుంది. అప్పుడు మందు అతుక్కోవడానికి చోటు దొరకదు.

ఈ ఉపాయాలు జన్యువులలో వ్రాసి ఉంటాయి. చాలా వరకు మందును తయారుచేసే జన్యువుల ప్రక్కనే ఉంటాయి.

మట్టి నుండి వార్డుకు

1973లో బెన్వెనిస్టే, డేవిస్ అనే శాస్త్రవేత్తలు, మట్టి క్రిములలోని విరుగుడు ఎంజైములు, ఆసుపత్రులలో మందుకు లొంగని క్రిముల ఎంజైముల వంటివేనని చూపించారు. ఇటువంటి జన్యువులు ప్లాస్మిడ్లు అనే చిన్న డి.ఎన్.ఏ. వలయాల ద్వారా ఒక క్రిమి నుండి మరొక క్రిమికి చేరగలవు.

ఆ ఎంజైములను తప్పించుకొనేందుకే శాస్త్రవేత్తలు కనామైసిన్‌ను మార్చి అమికాసిన్ తయారుచేశారు. కాని రైబోజోమును మార్చే రెండవ ఉపాయం రోగులలోని క్రిములకు కూడా చేరిందని 2003లో ఫ్రాన్స్, జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అటువంటి క్రిములపై జెంటామైసిన్, అమికాసిన్ రెండూ పనిచేయవు.

కనుక మందులకు లొంగకపోవడం మనిషి సృష్టించినది కాదు, మనకంటే ఎంతో పాతది. కాని దానిని పెంచి పోషిస్తున్నది మనమే. అనవసరంగా మందు వాడిన ప్రతిసారీ లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి.

మీరు చేయవలసినవి

1. జ్వరం, జలుబు రాగానే ఇంజక్షన్ వేయమని అడగవద్దు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు.
2. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన మందు దాచి ఇతరులకు ఇవ్వవద్దు.
3. చిన్న గీతలకు నియోమైసిన్ కలిసిన పొడి చల్లవద్దు. సబ్బు, శుభ్రమైన నీటితో కడిగితే చాలు.
4. ఈ ఇంజక్షన్లు మూత్రపిండాలకు, వినికిడికి హాని చేయవచ్చు. మూత్రపిండాల జబ్బు, వినికిడి లోపం, గర్భం ఉంటే ముందే చెప్పండి. చెవిలో హోరు వస్తే వెంటనే తెలియజేయండి.
5. రోగిని చూడటానికి వచ్చినప్పుడు, వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోండి. లొంగని క్రిములు చేతుల ద్వారానే ఎక్కువగా ప్రయాణిస్తాయి.

నేడు మనం పొదుపుగా వాడిన మందు రేపు పుట్టబోయే బిడ్డకు పనికివస్తుంది. దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను ఆరోగ్యముతో దీవించును గాక.