పసికళ్లకు నలుపు తెలుపు చాలు
చార్టు ముక్కే మేలైన ఆటబొమ్మ.. చూపు నిలపకుంటే జాప్యం వద్దు

ఊయలకు రంగురంగుల చిలకలు కట్టడం తెలుగిళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. వాటికి తోడు నలుపు తెలుపు గళ్ల బొమ్మలు, చారల దుప్పట్లు, వలయాల పటాలు ఇప్పుడు దుకాణాల్లో కనిపిస్తున్నాయి. బిడ్డ మెదడు చురుకవుతుందన్న ఆశతో వీటిపై వందల రూపాయలు వెచ్చిస్తున్న తల్లిదండ్రులూ ఉన్నారు. వీటి వెనుక కొంత శాస్త్రం ఉన్నా అంత ఖర్చు మాత్రం అవసరం లేదు.

ఎందుకు చూస్తారంటే..
అప్పుడే పుట్టిన బిడ్డకు చూపు మసకగా ఉంటుంది. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తెలుస్తాయి. పాలిచ్చే తల్లి ముఖం ఉండేదీ ఇంచుమించు అంతే దూరంలో. రంగులను గుర్తించే శక్తి అప్పటికి పూర్తిగా రాదు కాబట్టి లేత రంగులు కలిసిపోయినట్లుంటాయి. నలుపు పక్కన తెలుపు ఉంటే ఆ అంచు కంటికి ఆనుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఫాంట్జ్ 1960ల తొలినాళ్లలో చేసిన ప్రయోగాల్లో శిశువులు ఉత్త రంగు పలకల కన్నా గీతలు, ముఖాకృతి ఉన్నవాటినే ఎక్కువసేపు చూశారు.

ఇంట్లోనే ఇలా..
తెల్లని చార్టుపై నల్ల సిరాతో వెడల్పాటి చారలు, పెద్ద గళ్లు గీస్తే సరిపోతుంది. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా పక్కకు జరపాలి. ముఖం తిప్పుకుంటే ఆపేయాలి. దారాలు, ఊడిపోయే పూసలు అందనీయరాదు. మూడు నాలుగు నెలలకు రంగులు బాగా తెలుస్తాయి. ఊయల చిలకలకు అదే అదను. ఈ పటాలతో తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. నల్లని జుట్టు, కనుబొమలు, నుదుట బొట్టుతో తల్లి ముఖమే బిడ్డకు మేటి బొమ్మ.

ఇవి కనిపిస్తే..
మూడు నెలలు నిండినా కదిలే బొమ్మ వెంట చూపు సాగకపోయినా, కనుగుడ్లు అదేపనిగా ఊగుతున్నా నేత్ర వైద్యునికి చూపించాలి. కంటిపాపలో తెల్లని మెరుపు ఏ వయసులో కనిపించినా ఆలస్యం కూడదు. అది పుట్టుశుక్లం కావచ్చు, అరుదుగా క్యాన్సరూ కావచ్చు. పుట్టుశుక్లానికి సకాలంలో శస్త్రచికిత్స జరగకపోతే మెదడు ఆ కంటితో చూడటం సరిగా నేర్చుకోదు. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లకు పెట్టరాదు.

34 వారాలు నిండకముందు పుట్టినా, 2 కిలోల లోపు బరువున్నా రెటీనా దెబ్బతినే ముప్పుంది. ఇది పైకి తెలియదు. బిడ్డ పటాన్ని చూస్తోందన్న ధీమాతో ఊరుకోకుండా పుట్టిన 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష చేయించాలి. మరీ తక్కువ బరువుంటే ఇంకా ముందే అవసరం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ లోపాలకు వైద్యం ఉచితం. అనుమానం ఉన్నవారు ముందుగా ఊళ్లోని ఆశా కార్యకర్తకు తెలపాలి.